బండా, నేనా

చిరంజీవి తూనీగకి,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేమిద్దరం ఉన్నంతలో బాగానే ఉన్నాం. అలవాటు కొద్దీ ‘అందరం క్షేమం’ అని రాయబోయి మధ్యలో ఆపేశాను. ఈ ఉత్తరంలో ఒక్క అబద్ధం కూడా ఉండకూడదని కూర్చున్నదాన్ని, మొదటి వరుసలోనే తప్పితే ఎలా. నువ్వు వేళకి తింటున్నావనీ, సరిగ్గా నిద్రపోతున్నావనీ అనుకుంటున్నాను. అనుకోవడమే గానీ నీ సంగతి నాకు తెలియనిదా.

నీ ఉత్తరం పోయిన వారం అందింది. ఎప్పటిలాగే మీ నాన్నకి పైకి చదివి వినిపించాను. ఫోన్లో ఎంతసేపు మాట్లాడినా ఆయనకి తృప్తి ఉండదు, పెట్టేశాక చేతిలో మిగిలేదేముంది అంటారు. ఉత్తరమైతే ఎన్నిసార్లయినా చదివించుకోవచ్చు. మీ కార్ల రేసు టీము మేనేజరుకి నువ్వు పెట్టిన ‘జిగురుబంక’ అనే పేరు వచ్చిన ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే నవ్వుతున్నారు. పగటిపూట ఆయన్ని చూసుకోవడానికి వచ్చే నర్సమ్మకి కూడా ఆ ముక్క చదివి వినిపించమన్నారు. ఆవిడ నవ్వకపోతే ఆయనకి కోపం వచ్చింది.

ఈ ఉత్తరం మాత్రం ఇంట్లో రాయడం లేదు. వర్క్‌షాపులో, భోజనాల వేళ అందరూ బయటికి వెళ్ళాక, నా టూల్ బల్ల మీద రాస్తున్నాను. అక్కడక్కడా గ్రీజు మరకలుంటే ఏమీ అనుకోకు. ఫోన్లో చెప్పేద్దామంటే ఆయన పక్కనే ఉంటారు, స్పీకరు పెట్టమంటారు. ఉన్నవి రెండు గదులు, ఒకదాంట్లో దగ్గితే రెండోదాంట్లోంచి నీళ్ళు తెస్తారు, మన ఇల్లు నీకు తెలియందేముంది. అందుకని దీనికి జవాబు వర్క్‌షాపు చిరునామాకి రాయి. ఇంటికి వేరే ఉత్తరం రాయి, అది ఆయనకి చదివి వినిపిస్తాను.

ముందు నువ్వడిగిన చిన్న చిన్న వాటికి జవాబులు చెప్పేస్తాను. నువ్వు పడుకునే వైపు కిటికీ బాగుచేయించాను, ఇప్పుడు వాన లోపలికి రావడం లేదు. నీ పాత హెల్మెట్టు పారేయలేదు. అందులో మందుల డబ్బాలు పెట్టుకున్నాం, మీ నాన్న మంచం పక్కనే ఉంటుంది. మాత్ర వేసుకునే వేళ అయితే ‘హెల్మెట్టు పెట్టుకోవాలి’ అంటారు. ఆ చిలిపితనం ఇంకా పోలేదు. పోకూడదనే నేనూ కోరుకుంటున్నాను.

డాక్టరు ఏమన్నారని అడిగావు. ఆపరేషను చేసి గడ్డని తీయగలిగినంత తీశారు గదా, మిగిలింది మెడలోపల నరాల్లో అల్లుకుపోయి ఉంది. అది మళ్ళీ కాస్త పెరిగిందట. ఇంకోసారి కత్తి పెట్టడం మంచిది కాదన్నారు. ఎడమ చెయ్యి ఇక రాదు. ఎడమ కాలు కూడా ఈడుస్తున్నారు. ఈ నెల నుంచి కుడిచేతి వేళ్ళలో కూడా పట్టు తగ్గింది. గ్లాసు పట్టుకుంటే నేను చూడనట్టు చూస్తుంటాను, ఆయన నేను చూడడం లేదనుకున్నట్టు తాగుతారు. నీకు చెప్పొద్దన్నారు. నీ సీజను మొదలయ్యే ముందు ఇవన్నీ ఎందుకన్నారు. చెప్తున్నాను. ఇప్పటివరకూ దాచినవి చాలు.

నీ ఉత్తరం చివర ఇంకో మాట రాశావు, పోయిన నెల ప్రాక్టీసులో గోడకి తగిలిన దగ్గర్నుంచి పొద్దున్నే లేవగానే ఎడమచేతి వేళ్ళు కాస్త తిమ్మిరిగా ఉంటున్నాయని, అదేం లేదు, కాఫీ తాగేసరికి సర్దుకుంటోందని. ఆ వరుస మీ నాన్నకి చదవలేదు. నేను మాత్రం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. దాని దగ్గరికి వస్తాను, కాస్త ఓపిక పట్టు.

ఇక అసలు ప్రశ్న. ఏ బండి తీసుకోమంటారని అడిగావు. నెలాఖరులోగా చెప్పకపోతే జిగురుబంక తనే ఏదో ఒకటి నీకు అంటగడతాడనీ, ఒకసారి చెప్పాక సీజనంతా మార్చుకోవడం కుదరదనీ రాశావు. నువ్వు రాసిన ఆ రెండు బండ్లూ మనకి కొత్తవి కావు. ఈ వర్క్‌షాపులో నేను చక్రాలూ స్ప్రింగులూ సెట్ చేసి ఇస్తే మీ నాన్న ఏళ్ళ తరబడి మన ట్రాక్ మీద నడిపి మంచీచెడూ చెప్పిన రకాలే. వాటికి పేర్లు పెట్టింది కూడా నువ్వే. బడి అయిపోయాక కంచె పక్కన కూర్చుని హోంవర్కు చేసుకుంటూ చూసేదానివి. ముందు ఇంజనుండి ఒళ్ళు పొడుగ్గా ఉన్నదాన్ని అమ్మమ్మ అన్నావు. తప్పు చేస్తే ముందు మూలుగుతుంది, టైర్లు కుయ్యిమంటాయి, మెల్లగా పక్కకి జారుతుంది, ఈలోపు సర్దుకోమంటుంది. నువ్వు సర్దుకోకపోయినా చాలాసార్లు తనే సర్దేస్తుంది. ఇంజను వీపు వెనక ఉన్న పొట్టిదాన్ని లెక్కల మాస్టారు అన్నావు. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీస్తే చాలు, చెప్పాపెట్టకుండా తోక తిప్పి నిన్ను వచ్చిన దారికేసి నిలబెడుతుంది. వేగంలో ఒకదానికొకటి తీసిపోవు. చెయ్యి తిరిగినవాళ్ళ చేతుల్లో మాస్టారే కాస్త ముందుంటాడు.

‘నాన్న ఏదంటే అది, ఇంక వెనక్కి చూడను’ అని రాశావు. ఆ వాక్యం చదివేసరికి మీ నాన్న కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. ఆపరేషను తర్వాత ఆయన అలా కూర్చోవడం నేను చూడలేదు. తనని ఇంకా ఒకరు అడుగుతున్నారని ఆ మొహంలో వెలుగు. కాగితం తెమ్మన్నారు, తను చెప్తుంటే నన్ను రాయమన్నారు. ఆ కాగితం ఇదే కవర్లో పెట్టాను. రాత నాదే గానీ ప్రతి మాటా ఆయనదే, ఒక్క అక్షరం మార్చలేదు. కింద సంతకం కుడిచేత్తో తనే పెట్టారు. అది పెట్టడానికి ఎంతసేపు పట్టిందో నువ్వు చూసి ఉంటే ఆ కాగితాన్ని నేనెందుకు చింపలేకపోయానో నీకు అర్థమయ్యేది.

అమ్మమ్మనే తీసుకోమన్నారు. కారణం కూడా రాయించారు. ‘నా ఎడమ చెయ్యి సగం చచ్చిపోయి ఉన్న రోజుల్లో, ఆ సంగతి నాకే తెలియనప్పుడు, అమ్మమ్మలో ట్రాక్ చుట్టూ నా జీవితంలోకల్లా మంచి ల్యాపు వేశాను. మనిషిలో ఎంత లోపమున్నా కడుపులో పెట్టుకుని గమ్యం చేర్చే బండి అది. నా కూతురికి అలాంటిదే కావాలి.’

ఇది రాస్తున్నప్పుడు నా కలం రెండుసార్లు ఆగింది. ఇంకు అయిపోయిందా అని అడిగారు. అవునన్నాను.

తూనీగా, ఆ ల్యాపు ఆయనది కాదు.

ఇప్పుడు నువ్వడిగిన ఇంకో ప్రశ్నకి జవాబు చెప్తాను. టైరులో చిన్న రాయి ఇరుక్కుంటే కూడా సీట్లో కూర్చునే పట్టేసే నాన్నకి, తన చెయ్యి తన మాట వినడం లేదని ఏడాదిపాటు ఎలా తెలియలేదమ్మా అని రాశావు. నిన్ను అది తొలుస్తోందని నాకు తెలుసు. ఇది డాక్టర్లు చెప్పలేరు, నేనే చెప్పాలి. ఆయనకి తెలిసింది. అందరికన్నా ముందు తెలిసింది. వచ్చి నన్నే అడిగారు.

నువ్వు మీ టీములో చేరడానికి వెళ్ళిన కొత్త. ఒకరోజు పొద్దున లెక్కల మాస్టారుని తీసుకుని వెళ్ళారు. పొడుగు కుడి మలుపు ఉంది చూడు, ప్రేక్షకుల మెట్లు దాటాక, అక్కడ బండి గిర్రున తిరిగి గడ్డిలోకి వెళ్ళి ఆగింది. దెబ్బేమీ తగల్లేదు. మెల్లగా నడిపించుకుని వచ్చి షెడ్డు ముందు దిగారు. వర్క్‌షాపు ఓనరు ఉన్నాడు, టైము చూసే అతను, అదే నువ్వు గడియారం అని పిలిచేవాడు, ఉన్నాడు, నేనున్నాను. ఆయన హెల్మెట్టు తీసి, ఎడమచేతి గ్లవ్వు కూడా తీసి, ఆ చేతిని ఎవరిదో అన్నట్టు ఒక క్షణం చూసుకున్నారు. తర్వాత నావైపు చూసి అడిగారు.

“కుడి మలుపుల్లో ముక్కు ఆలస్యంగా తిరుగుతోంది మేస్త్రీ. ఇది బండా, నేనా?”

మన పనిలో డ్రైవరు మాట వేదవాక్కని నీకు తెలుసు. ముక్కు ఆలస్యంగా తిరుగుతోందంటే బండిని ఎత్తి చూడాలి, అంతేగానీ నీ చెయ్యి చూపించు అనకూడదు. ఇన్నేళ్ళలో ఏ డ్రైవరునీ నేను అలా అనలేదు. బండిని ఎత్తాను, చక్రాల కోణం చూశాను, స్ప్రింగులు చూశాను, స్టీరింగు రాడ్డు చూశాను. ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. అంత నిక్కచ్చిగా ఉన్న బండిని నేను ఆ ఏడాదిలో చూడలేదు. కుడివైపు తిప్పేటప్పుడు స్టీరింగుని పైకి తోసేది ఎడమ చెయ్యి. అది కూడా నాకు తెలుసు. అన్నీ తెలిసి తలెత్తి చూస్తే, ఆయన నా మొహంకేసి చూస్తున్నారు. ఆ వెనక ఓనరు నిలబడి ఉన్నాడు. ఈ వయసు టెస్ట్ డ్రైవర్లని ఎలా పంపించేస్తారో ఇద్దరం చూశాం. కానీ అబద్ధం ఓనరు కోసం ఆడలేదు. ఆయన కళ్ళల్లో అంత భయం నేను పెళ్ళైన దగ్గర్నుంచి చూడలేదు. అది తట్టుకోలేకపోయాను.

బండే అన్నాను. ఆయన ఊపిరి వదిలారు, నవ్వారు. నా నడుం నొప్పికి కూడా ఏదైనా మర ఉంటే తిప్పు మేస్త్రీ అన్నారు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మాస్టారుకి ఒక పార్టు రావాలని చెప్పి పక్కన పెట్టించాను, ఆయన్ని అమ్మమ్మలో ఎక్కించాను. అమ్మమ్మ సంగతి నీకు తెలుసు గదా, ఆయన చెయ్యి ఆలస్యమైతే అది ఆగింది, తోసింది, సర్దింది. అదీ చాలనప్పుడు నేను సర్దాను. ఆయన వచ్చి మళ్ళీ ముక్కు బరువుగా ఉందంటే ముందు చక్రాల కోణం కాస్త బయటికి తిప్పేదాన్ని, కొద్దిగా తిప్పినా వెంటనే తిరిగేలా. తోక తిరగకుండా వెనక షాకబ్జార్బర్ల మీది మరని ఇంకో టిక్కు మెత్తబరిచేదాన్ని. స్టీరింగు తేలిక చేశాను. నెలకి ఇంత, నెలకి ఇంత. ఆయన చెయ్యి వెనక్కి వెళ్తుంటే బండిని ముందుకు తెచ్చాను. బయట నుంచి చూస్తే ఏ తేడా లేదు. ఆయనకి కూడా లేదు. మా మేస్త్రీ చెయ్యి పడితే బండికి ప్రాణం వస్తుందని ఓనరు దగ్గర పొగిడేవారు. నేను తల వంచుకుని చేతులు తుడుచుకునేదాన్ని. సిగ్గు పడుతున్నానని అనుకునేవారు.

ఆయన చేతిలో ఉన్నది జబ్బని నాకు తట్టలేదు. నన్ను నమ్ము. వయసనుకున్నాను. వయసు మీద పడుతున్న మొగుణ్ణి ఇంకో రెండు సీజన్లు మర్యాదగా గడిపించి ఇంటికి తెచ్చుకుందామనుకున్నాను. ఇంతే నా తెలివి. ఏ బండిలోనైనా చిన్న చప్పుడు వినిపిస్తే విప్పి చూడకుండా నిద్రపోనిదాన్ని, ఇంట్లో మనిషి వచ్చి నాలో ఏదో తేడాగా ఉందంటే, విప్పి చూడకుండా పైన మూత బిగించాను.

ఇక ఆ ల్యాపు. ఆ మధ్య కొన్ని వారాలు దిగులుగా ఉండేవారు. సరిగ్గా తినేవారు కాదు. నాలో పస అయిపోయిందేమో అన్నారు ఒకసారి, చొక్కా గుండీ పెట్టుకుంటూ. ఆ గుండీ కూడా చాలాసేపు పట్టింది, అది చూసైనా నాకు బుద్ధి రాలేదు. మర్నాడు టెస్టుకి అమ్మమ్మకి కొత్త మెత్త టైర్లు వేశాను, రోడ్డుని గట్టిగా పట్టేవి, పోటీ రోజున తప్ప ఎవరూ వేయనివి. బరువు తగ్గేలా పెట్రోలు సగానికి సగం తగ్గించాను. ఎవరికీ చెప్పలేదు. ఆయన వెళ్ళి వచ్చేసరికి గడియారం కేకలు పెడుతూ పరిగెత్తుకొచ్చాడు. మన ట్రాక్ మీద ఆ బండికి అంత తక్కువ టైము ఎప్పుడూ రాలేదు. సుద్దముక్కతో బోర్డు మీద రాశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మీ నాన్న బండి దిగి, ఆ బోర్డు చూసి, ఏడ్చారు. నా దగ్గరికి వచ్చి అందరిముందూ నా భుజం మీద తల పెట్టుకున్నారు. ఆ బోర్డు ఫొటోనే ఆయన మంచానికి ఎదురుగా గోడమీద ఉన్నది. ఇంటికి ఎవరొచ్చినా ముందు అదే చూపిస్తారు. నీళ్ళ క్యాను వేసే అతనికి కూడా ఆ ల్యాపు మలుపు మలుపూ కంఠతా వచ్చు.

ఆ తర్వాత కొన్ని నెలలకి ఇంట్లో కప్పు చేతిలోంచి జారి పడింది. రెండోసారి కూడా పడింది. అప్పుడు వెళ్ళాం. స్కానింగులు చూసిన డాక్టరు, ఈ గడ్డ చాలా నెమ్మదిగా పెరిగే రకం, ఏడాది ముందు వచ్చి ఉంటే మొత్తం తీసేసేవాళ్ళం, చెయ్యి దక్కేది అన్నారు. ఏం పని చేస్తారని అడిగారు. చెప్తే ఆశ్చర్యపోయారు, చేతుల మీద బతికే మనిషికి ఇన్నాళ్ళు తెలియకుండా ఎలా ఉందండీ అన్నారు. అచ్చం నువ్వడిగిన మాటే. మీ నాన్న ఏమన్నారో తెలుసా. బండిలో ఉన్నప్పుడు నాకే తేడా లేదండీ, నా బెస్టు ల్యాపు వేసింది ఈ ఏడాదిలోనే, కావాలంటే మా ఆవిణ్ణి అడగండి అన్నారు. డాక్టరు నావైపు చూశారు. స్కానింగు కవరు గుండెలకి పట్టుకుని తల ఊపాను.

ఇదే నేను నీకు చెప్పాల్సింది. రాసేశాను. లెక్కల మాస్టారు ఆ రోజు గడ్డిలోకి తిప్పి పడేసి నిజం చెప్పాడు. వినిపించుకోకుండా పక్కన పెట్టించింది నేను. అమ్మమ్మ ఏ తప్పూ చేయలేదు, దాని గుణమే అది. ఆ గుణాన్ని పట్టుకుని నేను మీ నాన్న చెయ్యి పోగొట్టాను. నువ్వు నన్ను తిట్టు, చాలాకాలం మాట్లాడకు, దేనికైనా నేను సిద్ధమే. కానీ ఆయన రాయించిన ఆ కాగితం చదివి అమ్మమ్మని తీసుకోకు.

ఇప్పుడు నీ వేళ్ళ సంగతికి వస్తాను. కాఫీ తాగేసరికి సర్దుకుంటోంది అన్నావు. మీ నాన్న కూడా స్నానం చేసేసరికి సర్దుకుంటోంది అనేవారు. ఆయనకి వచ్చిందే నీకు వచ్చిందని అనడం లేదు, గోడకి తగిలిన దెబ్బే అయి ఉండాలని వెయ్యి దేవుళ్ళకి మొక్కుతున్నాను. కానీ ఈ ఉత్తరం చదివాక నువ్వు చేయాల్సిన మొదటి పని బండి ఎంచుకోవడం కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళడం. గోడకి తగిలిన సంగతి, తిమ్మిరి సంగతి, మీ నాన్న సంగతి మూడూ చెప్పు. మెడ స్కానింగు తీయమని నువ్వే అడుగు. జిగురుబంక నసపెడితే పెట్టనీ. సీజను పోతే పోనీ. డాక్టరు ఏమీ లేదని చెప్తే అప్పుడు చెప్పు, లెక్కల మాస్టారే కావాలని.

అమ్మగా నాకు ఇది రాయడం ఎంత కష్టమో నీకు తెలుసు. ఆ మాస్టారు ప్రాణాలు తీసే బండే. వెనక నుంచి అది ఎలా తిరుగుతుందో నా కళ్ళతో చూశాను. అమ్మమ్మలో నువ్వు తిరుగుతున్నావంటే కాస్త కంటినిండా నిద్రపోయేదాన్ని. కానీ నీ చెయ్యి ఒక రోజు నీ మాట వినకపోతే, ఆ రోజే నీకు తెలియాలి. నిదానంగా ఉన్నప్పుడే, ఖాళీ ట్రాక్ మీదే తెలియాలి. దాన్ని కొత్తలో మెల్లగా నడుపు. అది తిట్టిన ప్రతి తిట్టూ విను.

ఇంకొక్క మాట. బండి దిగి మీ మేస్త్రీని ఎప్పుడైనా అడుగుతావు, ఇది బండా, నేనా అని. అందరూ ఏదో ఒకరోజు అడుగుతారు. అప్పుడతను ముందు బండికేసి చూశాడా, నీ మొహంకేసి చూశాడా గమనించు. నీ మొహం చూసి జవాబు చెప్పేవాడు నిన్ను ఎంత ప్రేమించేవాడైనా సరే, ఆ జవాబు నమ్మకు.

మీ నాన్నకి మాత్రం ఏం రాస్తావో ఆలోచించు. నా తరఫున అబద్ధం ఆడమని నిన్ను అడగను, ఈ ఇంటికి సరిపడా నేను ఆడేశాను. కానీ ఆ ల్యాపు జోలికి వెళ్ళకు. ఆయనకి మిగిలింది అదొక్కటే. ‘నాన్నా, నీ అంత చెయ్యి నాకింకా రాలేదు, మొట్టికాయ వేసి నేర్పే బండే నాకు కావాలి’ అని రాయి. అది నిజమే గదా. చదివి వినిపిస్తే కాసేపు అలుగుతారు, తర్వాత రెండు రోజులు నర్సమ్మకి గొప్పగా చెప్పుకుంటారు.

ఆయనకి నేనే చెప్పేయాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్తే నా బరువు దిగుతుంది. దిగినదంతా ఆయన ఒళ్ళో పడుతుంది. కాలూ చెయ్యీ పోయిన మనిషి ఒళ్ళో ఇంకేం పెట్టను. ఇది కూడా నా పిరికితనమేనేమో, తెలియదు. నువ్వు పెద్దదానివయ్యావు, నీకేమనిపిస్తే అది రాయి.

సాయంత్రాలు ఆయనకి ఒక అలవాటైంది. కుర్చీని ఆ ఫొటోకి ఎదురుగా తిప్పించుకుంటారు. కళ్ళు మూసుకుని ఆ ల్యాపు మొత్తం మళ్ళీ వేస్తారు. నోటితో ఇంజను చప్పుడు చేస్తారు, చిన్న పిల్లల్లా. కుడి చెయ్యి గాల్లో స్టీరింగు పట్టుకున్నట్టు కదులుతుంది, ఎడమ చెయ్యి ఒళ్ళోనే ఉంటుంది. నేను పక్కన కూర్చుని బట్టలు మడత పెడుతుంటాను. నిన్న కూడా అలాగే వేస్తున్నారు. ప్రేక్షకుల మెట్లు దాటారు, పొడుగు కుడి మలుపు వచ్చింది. నోటి చప్పుడు ఆగిపోయింది. కళ్ళు తెరిచి ఒళ్ళో ఉన్న ఆ చేతికేసి చూశారు, తర్వాత నాకేసి చూశారు. ఆ రోజు షెడ్డు ముందు చూసినట్టే చూశారు. నేను మడత ఆపేశాను. ఈసారి అడిగితే నిజం చెప్పేద్దామని గొంతు సవరించుకున్నాను.

అడగలేదు. ‘టైర్లు బాగా పట్టాయి ఆ రోజు’ అని, కళ్ళు మూసుకుని మలుపు తిరిగి వెళ్ళిపోయారు.

ఇట్లు,
మీ నాన్న బండికి మేస్త్రీ,
నీ అమ్మ